ట్యునీషియా: బడి, చట్టం, నలభయ్యో రోజు

జనాభా ప్రస్తావన వస్తే చాలు, మన దగ్గర మాట త్వరగా మతం మీదికి మళ్లుతుంది. ఫలానా మతం వాళ్లు ఎక్కువమందిని కంటారని, ఫలానా మతం కుటుంబ నియంత్రణకు ఒప్పుకోదని టీ కొట్టు దగ్గరా వింటాం, ఎన్నికల సభల్లోనూ వింటాం. ఈ మాటలో నిజమెంతో తేల్చుకోవడానికి ఉత్తర ఆఫ్రికాలోని ట్యునీషియాను మించిన పరీక్ష దొరకదు. అల్జీరియాకూ లిబియాకూ నడుమ, మధ్యధరా సముద్రం ఒడ్డున ఉన్న దేశం అది. వైశాల్యం దాదాపు నేటి ఆంధ్రప్రదేశ్ అంత. జనాభా మాత్రం 2024 లెక్కల ప్రకారం 1 కోటి 20 లక్షలకు కాస్త తక్కువ. నూటికి తొంభై తొమ్మిది మంది ముస్లింలే. 1960ల నడిమి కాలంలో అక్కడ ఒక స్త్రీ సగటున ఏడుగురు పిల్లల్ని కనేది. 2000 వచ్చేసరికి ఆ సగటు రెండు దగ్గరికి దిగింది. ఈ ముప్పై అయిదేళ్లలో మతం మారలేదు, మసీదులు మూతపడలేదు, బయటి జనం వచ్చి స్థిరపడిందీ లేదు. మరి మారిందేమిటి? స్త్రీకీ బిడ్డకూ రాజ్యం ఏమిచ్చిందో అది మారింది. ఎక్కడ ఇవ్వలేదో అక్కడ కథ వేరుగా నడిచింది. ఈ ప్రసంగంలో నేను చెప్పదలచుకున్నది అదే.

ముందు చట్టం సంగతి. ఫ్రెంచి పాలన నుంచి ట్యునీషియా 1956 మార్చి 20న బయటపడింది. రాజ్యాంగం రాసుకోవడానికి మరో మూడేళ్లు పట్టింది కానీ, కుటుంబ చట్టం మాత్రం అయిదు నెలలు తిరక్కుండానే, ఆగస్టు 13న వెలువడింది. ఒక కొత్త దేశం తన ప్రాధాన్యాలను ఇంత సూటిగా ప్రకటించుకోవడం అరుదు. బహుభార్యత్వం నేరమైంది. మగవాడు నోటిమాటతో ఇచ్చే తలాఖ్ చెల్లదు. విడాకులు కోర్టులోనే, అదీ భార్యాభర్తలు ఇద్దరూ కోరవచ్చు. పెళ్లికి వధువు సమ్మతి తప్పనిసరి. కనీస వయసు మొదట తక్కువగానే పెట్టినా 1964లో ఆడపిల్లలకు పదిహేడుకు, 2007లో ఇద్దరికీ పద్దెనిమిదికి పెంచారు. దీన్ని మతం మీద దండయాత్రగా నాటి నాయకుడు హబీబ్ బుర్గిబా చెప్పుకోలేదు. ఖురాన్‌ను కాలానికి తగినట్టు అర్థం చేసుకోవడమేనన్నాడు. ఈ వాదన ఆయన సొంతం కూడా కాదు. ట్యునిస్ నగరంలోని ప్రాచీన జైతూనా మసీదు విద్యాపీఠంలో చదువుకున్న తాహర్ హద్దాద్ 1930లోనే స్త్రీల హక్కుల గురించి పుస్తకం రాసి, ఇస్లాం లోపలి నుంచే ఈ వాదన నిలబెట్టాడు. అందుకు మతపండితులు ఆయన్ని వెలివేశారు, పట్టా రద్దు చేశారు; 1935లో, నలభై ఏళ్లు రాకముందే ఆయన కన్నుమూశాడు. తమాషా ఏమిటంటే, 1929లో పరదాను జాతి గుర్తింపుగా వెనకేసుకొచ్చినవాడు ఇదే బుర్గిబా. పరాయి పాలన ఉన్నన్నాళ్లూ పరదా ఒక కవచం, పాలన చేతికొచ్చాక అదొక అడ్డంకి. రాజకీయ నాయకుల చిత్తశుద్ధి మీద మనకెన్ని అనుమానాలైనా ఉండవచ్చు. చట్టం మాత్రం నిలిచింది. ఆగస్టు 13 అక్కడ నేటికీ మహిళా దినోత్సవం, జాతీయ సెలవు దినం.

ఇక బడి. స్వాతంత్ర్యం వచ్చేనాటికి ట్యునీషియన్లలో నూటికి 85 మంది నిరక్షరాస్యులు. ఆడవాళ్లలో చదవడం వచ్చినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టగలిగేంత మంది. అంతకుముందు చదువు, వైద్యం, పేదల పోషణ చాలావరకు హబూస్ ఆస్తుల మీద నడిచేవి. మన దగ్గర వక్ఫ్ అంటామే, దానికి అక్కడి పేరు హబూస్. 1956, 57 సంవత్సరాల్లో ప్రభుత్వం ఆ ధర్మాదాయ వ్యవస్థను రద్దు చేసి భూములన్నీ తన లెక్కలో కలుపుకొంది. షరియా కోర్టులను మామూలు కోర్టుల్లో విలీనం చేసింది. జైతూనా తన స్వతంత్ర ప్రతిపత్తి కోల్పోయి విశ్వవిద్యాలయంలో ఒక శాఖగా మిగిలింది. అంటే మసీదు చేతిలోంచి ఖజానా, న్యాయపీఠం, తరగతి గది మూడూ దాదాపు ఒకేసారి జారిపోయాయి. ఇక్కడ గమనించాల్సింది మరొకటుంది. దానధర్మాల ఆస్తిని తీసుకున్న రాజ్యం దానధర్మాల బాధ్యతను కూడా తీసుకున్నట్టే లెక్క. ఆ తర్వాత పేదవాడికి రొట్టె అందకపోతే తప్పు ధనికుడిదీ కాదు, మతపెద్దదీ కాదు, ప్రభుత్వానిదే. ఆ బాకీ ఎలా తీరిందో, ఎక్కడ తీరలేదో కాసేపట్లో చూద్దాం. బడి విషయంలో మాత్రం మొదట్లో బాకీ బాగానే తీర్చింది. 1958లో విద్యామంత్రి మహమూద్ మెస్సాది రూపొందించిన సంస్కరణతో ఉచిత విద్య అన్ని ప్రాంతాలకూ విస్తరించింది. అరబిక్, ఫ్రెంచి రెండూ నేర్పారు. బడ్జెట్‌లో పెద్ద ముక్క ఏళ్ల తరబడి చదువుకే పోయింది. ఆడపిల్ల బడిలో ఉన్నన్నాళ్లూ పెళ్లి వాయిదా పడుతుంది, పెళ్లి వాయిదా పడితే కాన్పులు తగ్గుతాయి. ట్యునీషియాలో సంతానం తగ్గడానికి తొలి కారణం గర్భనిరోధక మాత్ర కంటే ముందు ఈ ఆలస్యపు పెళ్లే.

మూడోది ఆసుపత్రి. గర్భనిరోధక సాధనాల అమ్మకాన్ని నిషేధించిన ఫ్రెంచి కాలపు చట్టాన్ని 1961లో ఎత్తేశారు. 1964లో ప్రయోగంగా, 1966 నుంచి దేశమంతటా కుటుంబ నియంత్రణ కార్యక్రమం మొదలైంది. అయిదుగురు పిల్లలున్న తల్లికి 1965లో గర్భస్రావం హక్కు ఇచ్చారు. 1973లో ఎందరు పిల్లలున్నా, అసలు లేకపోయినా, తొలి మూడు నెలల్లో స్త్రీ కోరితే చాలన్నారు. అనేక యూరప్ దేశాల కంటే ముందే జరిగిన మార్పు ఇది. అయితే చట్టం ఉన్నంత మాత్రాన జనం ఆసుపత్రికి రారు. తొలి ఏళ్లలో ఫలితాలు అంతంతమాత్రమే. ఆ చిక్కును విడదీసిన ఉపాయం స్ఫాక్స్ అనే రేవు పట్టణంలో తట్టింది. మన ఊళ్లలో పురుటి రోజులు పాటించినట్టే అక్కడ బాలింత నలభై రోజులు ఇంటిపట్టున ఉంటుంది. నలభయ్యో రోజున స్నానం చేసి, బిడ్డనెత్తుకుని మళ్లీ నలుగురిలోకి వస్తుంది. మతమూ ఆచారమూ కలిసి పెట్టిన గడువది. స్ఫాక్స్ వైద్యులు సరిగ్గా ఆ రోజునే పట్టుకున్నారు. నలభయ్యో రోజున బిడ్డను తీసుకురా, టీకా వేస్తాం, బరువు చూస్తాం, నిన్నూ పరీక్షిస్తాం అని కాన్పు సమయంలోనే తల్లికి చెప్పి చీటీ ఇచ్చారు. బిడ్డ కోసం వచ్చిన తల్లికి తర్వాతి కాన్పు ఎప్పుడు కావాలనుకుంటోందో అడిగి, అందుకు తగిన సాధనం చెప్పారు. వచ్చినవాళ్ల సంఖ్య చూసి మిగతా దేశాల నిపుణులు కూడా ఈ పద్ధతిని చదువుకున్నారు. ఆచారాన్ని ఎగతాళి చేయకుండా, దాన్ని కూలదోయకుండా, ఆ గడువులోకే ఆరోగ్య సేవను తీసుకొచ్చి కూర్చోబెట్టారు. కుటుంబ నియంత్రణ అధికారులు ఎవరైనా మొదట చదవాల్సిన పాఠం ఇదేనని నా అభిప్రాయం.

ఇంతకీ మతపెద్దలు ఊరుకున్నారా అని మీరడగవచ్చు. పూర్తిగా ఊరుకోలేదు. కానీ బుర్గిబాతో వాళ్లకు పెద్ద గొడవ వచ్చింది పిల్లల సంఖ్య దగ్గర కాదు, రంజాన్ ఉపవాసం దగ్గర. పేదరికంపై పోరాటం కూడా ఒక జిహాదేనని, యుద్ధంలో ఉన్నవాడికి ఉపవాసం నుంచి మినహాయింపు ఉన్నట్టే పనిచేసే వాడికీ ఉండాలని 1960లో ఆయన వాదించాడు. తర్వాత రంజాన్ నెల పగటిపూట అందరూ చూస్తుండగా పళ్లరసం తాగి చూపించాడు. జైతూనా పెద్ద పండితుడు తాహర్ బెన్ అషూర్ ఆ వాదనకు మద్దతుగా ఫత్వా ఇవ్వడానికి ఒప్పుకోలేదు. 1961లో కైరవాన్ నగరంలో జనం వీధుల్లోకి వచ్చారు. బుర్గిబా ఈ పోరులో గెలవలేదు. ట్యునీషియన్లు ఉపవాసం ఉంటూనే వచ్చారు. అదే ట్యునీషియన్లు, అదే భక్తితో, పిల్లల సంఖ్యను మాత్రం తగ్గించుకున్నారు. గర్భధారణను వాయిదా వేసుకునే పద్ధతులను మధ్యయుగపు ఇస్లామీయ పండితులు చాలామంది తప్పు పట్టలేదు. సుప్రసిద్ధుడైన అల్ గజాలీ తన గ్రంథంలో దాన్ని చర్చించి, సమ్మతించాడు కూడా. కాబట్టి భక్తి ఉన్నచోట సంతానం ఎక్కువుంటుందనే సూత్రం ఇక్కడే తేలిపోతుంది. ఉపవాసం విషయంలో రాజ్యం ఏమీ ఇవ్వకుండా వదులుకోమంది, జనం వినలేదు. సంతానం విషయంలో బడి, టీకా, కోర్టు ఇచ్చింది, జనం విన్నారు.

ఇంకో అభ్యంతరం దీనికంటే గట్టిది. పొరుగున అల్జీరియా ఇవేమీ చేయలేదు, అయినా అక్కడా సంతానం తగ్గిందిగా అంటారు. నిజమే. 1974లో బుకారెస్ట్‌లో జరిగిన ప్రపంచ జనాభా మహాసభలో అల్జీరియా కుటుంబ నియంత్రణను పడమటి దేశాల ఎత్తుగడగా కొట్టిపారేసింది. అభివృద్ధే అసలైన గర్భనిరోధకమన్న మాట మన ఆరోగ్యమంత్రి కరణ్ సింగ్ నోటి వెంట వచ్చింది కూడా ఆ సభలోనే. అల్జీరియా 1980లలో మనసు మార్చుకుని సొంత కార్యక్రమం మొదలుపెట్టింది. చమురు డబ్బుతో ఆడపిల్లలను బడికి పంపింది, ఇళ్ల కొరతతో పెళ్లిళ్లు ఆలస్యమయ్యాయి, 2000 నాటికి అక్కడి సగటు కూడా మూడుకు దిగువకు వచ్చింది. ఆ తర్వాత మళ్లీ మూడు దాకా పెరిగింది. ఈ ఉదాహరణ నా వాదనను కాదనదు. రెండు దేశాల్లోనూ మతం ఒకటే, మాలికీ ధర్మశాస్త్ర సంప్రదాయం ఒకటే, భాషా దాదాపు ఒకటే. అంకెలు మాత్రం వేర్వేరు కాలాల్లో దిగాయి, ఒకచోట మళ్లీ ఎక్కాయి. మారకుండా ఉన్నది మారినదానికి కారణం ఎలా అవుతుంది?

అలాగని ఒక్క అంకెనే పట్టుకుని మురిసిపోవడం కూడా తప్పే. దీనికి మన రాష్ట్రమే సాక్ష్యం. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఒక స్త్రీ సగటున కంటున్నది 1.7 మందిని, తెలంగాణలో 1.8 మందిని. ట్యునీషియాకు దీటైన లెక్కే. కానీ ఆ అంకె దగ్గరికి వచ్చిన దారి వేరు. ఆంధ్రప్రదేశ్‌లో ఇరవై, ఇరవై నాలుగేళ్ల మధ్య వయసు స్త్రీలలో నూటికి 29 మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయింది. పెళ్లయినవాళ్లలో నూటికి డెబ్బై మంది ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు. తొందరగా పెళ్లి, వెంటవెంటనే ఇద్దరు పిల్లలు, పాతికేళ్లకల్లా ఆపరేషన్. తక్కిన ఆయుష్షంతా అందులో మార్పుండదు. ట్యునీషియా స్త్రీకి పద్దెనిమిది లోపు పెళ్లి చాలా అరుదు. పెళ్లయ్యాక కూడా మాత్రలు, లూపు వంటి తాత్కాలిక పద్ధతులే ప్రధానం, కావాలంటే మళ్లీ కనవచ్చు. జనాభా అంకె ఒకటే అయినా ఆ రెండు జీవితాలు ఒకటి కావు. మన నాయకులు ఇప్పుడు ఇంకా కనండి అని ప్రోత్సహిస్తున్నారు, స్థానిక ఎన్నికల్లో ఇద్దరు పిల్లల నిబంధనను 2024లో ఎత్తేశారు కూడా. ఆపరేషన్ అయిపోయిన తల్లికి ఆ పిలుపుతో పనేముంది?

ఇక మొదట చెప్పిన బాకీ సంగతికి వద్దాం. ట్యునీషియా ప్రభుత్వం 1970లో ఒక ప్రత్యేక నిధి పెట్టి రొట్టె, సెమోలినా రవ్వ, వంటనూనె, చక్కెర ధరలను అదుపులో ఉంచింది. ప్రజలు రాజకీయ స్వేచ్ఛ అడగకూడదు, ప్రభుత్వం కడుపు నింపాలి. రాతలో లేకపోయినా ఒప్పందం అదే. 1983 డిసెంబరు చివర రొట్టె ధర ఒక్కసారిగా రెట్టింపు దాటేసరికి దక్షిణాన ఎడారి అంచు పట్టణాల్లో మొదలైన తిరుగుబాటు రాజధాని దాకా పాకింది. పదుల సంఖ్యలో జనం చనిపోయాక, 1984 జనవరి 6న బుర్గిబా పాత ధరనే మళ్లీ ప్రకటించాడు. పేద కుటుంబాలకు నెలవారీ నగదు ఇచ్చే పథకం 1986లో వచ్చింది. 1987లో గద్దెనెక్కిన బెన్ అలీ, 26-26 అనే ఖాతా సంఖ్య పేరుతో ఒక సంఘీభావ నిధి పెట్టాడు. పేరుకు విరాళం, నడిచింది మాత్రం బలవంతపు చందాగా. లెక్కలు ఎవరికీ తెలియవు. ధర్మాదాయాన్ని రద్దు చేసిన రాజ్యం చివరికి తానే అధికారిక ధర్మకర్తగా మారి, తన పేరు మీద దానం చేయించుకోవడం మొదలుపెట్టిందన్నమాట. పైగా ఈ సంక్షేమం, ఈ బడులు, ఈ ఆసుపత్రులు అన్నిచోట్లా సమానంగా అందలేదు. సముద్రతీరాన ట్యునిస్, సూస్, బుర్గిబా సొంతూరు మొనాస్టిర్ ముందుకు పోయాయి. లోపలి జిల్లాలైన కస్సెరీన్, సిదీ బూజిద్, జెందూబా వెనకబడ్డాయి. నిరక్షరాస్యత ఎక్కువున్నదీ, సంతానం ఆలస్యంగా తగ్గినదీ అక్కడే. తీరంలోనూ లోపలా మతం ఒకటే కదా. తేడా తెచ్చింది మరి ప్రభుత్వపు బడ్జెట్ తప్ప ఇంకేమిటి?

2010 డిసెంబరు 17న సిదీ బూజిద్‌లో తోపుడు బండి మీద పళ్లమ్ముకునే మొహమ్మద్ బువాజిజీ నిప్పంటించుకున్నాడు. నిరసనలు దేశమంతా పాకడంతో 2011 జనవరి 14న బెన్ అలీ విమానమెక్కి పారిపోయాడు. బువాజిజీ పట్టభద్రుడని అప్పట్లో ప్రపంచమంతా రాసింది కానీ నిజానికి ఆయన హైస్కూలు చదువు కూడా పూర్తి చేయలేదు. అయినా ఆ పుకారు అంత సులువుగా ఎందుకు అతికిందో ఆలోచించాలి. అప్పటికి విశ్వవిద్యాలయ విద్యార్థుల సంఖ్య మూడున్నర లక్షలు దాటింది, పట్టా చేతబట్టుకున్న ప్రతి అయిదుగురిలో ఒకరికి పైగా ఉద్యోగం లేదు. దీన్ని చూసి కొందరు చదువు చెప్పడమే తప్పన్నట్టు మాట్లాడతారు, చదువుకున్న నిరుద్యోగి ప్రమాదకరమంటారు. చదువు లేని నిరుద్యోగి సుఖంగా ఉంటాడా? తప్పు బడిది కాదు. తక్కువ కూలీ ఇచ్చే బట్టల కర్మాగారాలు, పర్యాటక హోటళ్ల మీద ఆధారపడిన ఆర్థిక వ్యవస్థ, పాలకుడి బంధువర్గం చేతిలో చిక్కిన వ్యాపారాలు ఇంజనీర్లకు ఏం పని ఇవ్వగలవు?

2011 ఎన్నికల్లో 217 స్థానాలకు 89 గెలిచి ఇస్లామిక్ పార్టీ ఎన్నహ్దా పెద్ద పార్టీ అయ్యింది. మతం తిరిగొచ్చింది, ఇక 1956 చట్టం పోతుందన్నారు చాలామంది. ఏం జరిగింది? కొత్త రాజ్యాంగ ముసాయిదాలో స్త్రీని పురుషుడికి పూరకంగా వర్ణించే వాక్యం ఒకటి 2012లో చేరింది. ఆగస్టు 13న వేలాది మంది స్త్రీలు, వారిలో తలకు హిజాబ్ కట్టుకున్నవాళ్లు కూడా, ట్యునిస్ వీధుల్లోకి వచ్చారు. ఆ వాక్యం పోయింది. 2014 రాజ్యాంగం స్త్రీపురుషులకు సమాన హక్కులు, మనస్సాక్షి స్వేచ్ఛ రెండూ రాసుకుంది. ఎన్నహ్దా ఓటు కూడా దానికి పడింది. మూడు తరాలు ఆ చట్టం కింద పెరిగాక దాన్ని తీసేయడం ఏ పార్టీ తరమూ కాలేదు.

ఇప్పుడు దేశం ముందున్న లెక్క పూర్తిగా వేరు. గత దశాబ్దంలో జనాభా ఏటా నూటికి 0.87 చొప్పున మాత్రమే పెరిగింది, స్వాతంత్ర్యం తర్వాత ఇంత తక్కువ ఎన్నడూ లేదు. సంతానపు సగటు రెండుకు దిగువన ఉంది. ప్రతి ఆరుగురిలో ఒకరికి అరవై దాటాయి. పింఛను నిధులు లోటులో ఉన్నాయి. ప్రభుత్వ ఖర్చుతో చదివిన యువ వైద్యులు ఫ్రాన్స్, జర్మనీల దారి పడుతున్నారు. రాయితీలు కోస్తే తప్ప అప్పు రాదని అంతర్జాతీయ ద్రవ్యనిధి అంటే, 2023లో అధ్యక్షుడు కైస్ సయీద్ 1984 నాటి చావులను గుర్తుచేసి కుదరదన్నాడు. ముసలివాళ్లను చూసుకునే భారం మళ్లీ ఆడవాళ్ల మీదే పడుతోంది. విశ్వవిద్యాలయాల్లో దాదాపు మూడింట రెండు వంతులు అమ్మాయిలే, కానీ ఉద్యోగమో ఉపాధి వేటో చేస్తున్న స్త్రీలు నలుగురిలో ఒకరికి కాస్త ఎక్కువ. చదువుకున్న మగవాళ్లలో కంటే చదువుకున్న ఆడవాళ్లలో నిరుద్యోగం దాదాపు రెట్టింపు. 1956 చట్టం ముట్టుకోకుండా వదిలేసిన పెద్ద విషయం వారసత్వం. తోబుట్టువుల్లో ఆడపిల్లకు అన్నదమ్ముల వాటాలో సగమే. సమాన వాటా ఇవ్వాలని అధ్యక్షుడు కాయిద్ ఎసెబ్సి 2018లో ప్రతిపాదించాడు, మంత్రివర్గం బిల్లును ఆమోదించింది. ఆయన 2019లో మరణించాడు. తర్వాత వచ్చిన సయీద్, ఈ విషయంలో ఖురాన్ మాట స్పష్టంగా ఉందన్నాడు. ఆ బిల్లు చట్టం కాలేదు.